తిరుపతి–జమ్మూ: ఆకాశంలో మూడు గంటలు, ఇంటి నుంచి పదిహేను గంటలు

చిత్తూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మగారికి 66. ఇద్దరినీ డిసెంబర్ చివర్లో వైష్ణోదేవి దర్శనానికి తీసుకెళ్లాలని ఆమె కోరిక. ఒక వెబ్‌సైటులో తిరుపతి నుంచి జమ్మూకు దూరం 2,172 కిలోమీటర్లు, విమాన సమయం 3 గంటల లోపు అని చూశారు. టికెట్ కోసం వెతికితే హైదరాబాద్, ఢిల్లీల మీదుగా మూడు విమానాలలో తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కనిపించింది. "ఏది నిజం? అమ్మానాన్నలు తట్టుకోగలరా?" అని అడిగారు.

రెండూ నిజమేనమ్మా. మొదటిది ఆకాశానికి సంబంధించిన లెక్క, రెండోది మనిషికి సంబంధించిన లెక్క. నేను మూడు దశాబ్దాలకు పైగా విమానాల ప్రయాణ ప్రణాళికలు వేసే గదిలో పనిచేశాను. ఏ దారిలో వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, దిగవలసిన చోట వాతావరణం బాగాలేకపోతే ఎక్కడికి మళ్లించాలి, ఇవన్నీ చూసేవాణ్ణి. పదవీ విరమణ చేశాక తిరుపతిలో స్థిరపడ్డాను. మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి వదిలేయడానికి మనసు ఒప్పలేదు, ఎందుకంటే వెళ్లేది పెద్దవాళ్లు.

ముందు ఆ 2,172 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. తిరుపతికి చెందిన రేణిగుంట విమానాశ్రయం 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. జమ్మూ విమానాశ్రయం 32.69 అక్షాంశం, 74.84 రేఖాంశం దగ్గర ఉంది. ఈ నాలుగు అంకెలు, ఒక కాగితం ఉంటే చాలు, దూరం మీరే కట్టవచ్చు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య అక్షాంశాల తేడా 19 డిగ్రీల పైచిలుకు, అంటే ఉత్తరంగా 2,115 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.7 డిగ్రీలు. అయితే ఉత్తరానికి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి ఇక్కడ డిగ్రీకి 111 పెట్టకూడదు. మన దారికి సగటున 102 పెడితే సరిపోతుంది. అలా పడమరకు 480 కిలోమీటర్లు వస్తుంది. ఇక మిగిలింది బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే సుమారు 2,170 వస్తుంది. వెబ్‌సైటు భూమి గుండ్రదనాన్ని ఇంకాస్త కచ్చితంగా పట్టించుకుంటుంది, అందుకే 2,172. మా గదిలో కిలోమీటర్లు వాడేవాళ్లం కాదు. నాటికల్ మైళ్లలో 1,173 అనేవాళ్లం. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు అవుతుంది కనుక ఆకాశంలో పనిచేసేవాళ్లకు ఆ కొలత సులువు.

ఆ గీతను భారతదేశ పటం మీద గీసి చూడండి. నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించే గీత అది. రేణిగుంటలో బయలుదేరి, నిట్టనిలువు ఉత్తరానికి ఎడమగా పన్నెండు డిగ్రీలు వాలి, శంషాబాద్‌కు తూర్పున ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సాగుతుంది. సగం దారి సరిగ్గా భోపాల్ దగ్గర అవుతుంది. తరువాత ఢిల్లీకి పడమరగా సుమారు 110 కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లి జమ్మూ చేరుతుంది. మీకు దొరికిన టికెట్టు హైదరాబాద్, ఢిల్లీల మీదుగా కదా. ఆ మూడు ముక్కల దూరాలు కలిపి చూడండి. తిరుపతి–హైదరాబాద్ 419, హైదరాబాద్–ఢిల్లీ 1,266, ఢిల్లీ–జమ్మూ 508. మొత్తం 2,193 కిలోమీటర్లు. తిన్నగా వెళ్లే గీతకంటే ఎక్కువైంది ఇరవై ఒక్క కిలోమీటర్లే, అంటే విమానానికి నిమిషంన్నర ప్రయాణం. చుట్టు తిప్పుతున్నారని చాలామంది అనుకుంటారు, కానీ దూరంలో మీకు నష్టం ఏమీ లేదు. నష్టమంతా నేల మీదే జరుగుతుంది.

సమయం సంగతికి వద్దాం. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటి విమానాలు పదకొండు, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో వెళ్తాయి. 2,172ను 830తో భాగిస్తే రెండు గంటల ముప్పై ఏడు నిమిషాలు. కానీ ఏ విమానమూ మొదటి క్షణం నుంచే ఆ వేగంతో ఎగరదు. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, దిగడానికి అంతకంటే కాస్త ఎక్కువే. ఆ సమయంలో వేగం తక్కువ. దానికి తోడు రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకే ఎగరాలి. రేణిగుంట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. మీరు వెళ్లవలసింది ఉత్తరానికి. తూర్పుకు లేచినా, పడమరకు లేచినా, మలుపు తిరిగి దారిలో పడడానికి కొన్ని నిమిషాలు పోతాయి. ఆకాశంలో కూడా నిర్ణయించిన దారులు, వాయుసేన కోసం కేటాయించిన ప్రాంతాలు ఉంటాయి కాబట్టి ఆ తిన్నటి గీత మీదనే ఎవరూ ఎగరరు. ఇవన్నీ కలిపితే గాలిలో రెండు గంటల యాభై అయిదు నిమిషాల వరకు అవుతుంది. విమానం ద్వారం మూసి కదిలినప్పటి నుంచి, జమ్మూలో ఆగి చక్రాలకు దిమ్మలు పెట్టేవరకు లెక్కిస్తే మూడు గంటల పది నిమిషాలు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్టు మీద అచ్చు వేసేది ఈ సమయమే. నేరుగా వెళ్లే విమానం ఒకటి ఉంటే మీ టికెట్టు మీద ఈ అంకె కనిపించేది.

ఇప్పుడు మీ మూడు విమానాలు. తిరుపతి–హైదరాబాద్ దారిలో చాలాసార్లు ఏటీఆర్ విమానాలు నడుస్తాయి. పంకాలతో నడిచే ఈ చిన్న విమానాల వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పూర్తిగా నిండిన ఏటీఆర్ ఒక్క ఊపున వెళ్లగలిగేది సుమారు 1,500 కిలోమీటర్లే, కాబట్టి జమ్మూ దాకా అది మిమ్మల్ని తీసుకెళ్లే ప్రశ్నే లేదు. హైదరాబాద్‌కు ఒక గంట పదిహేను, ఢిల్లీకి రెండుంబావు, జమ్మూకు ఒక గంట ఇరవై అయిదు. మూడు కలిపితే దాదాపు అయిదు గంటలు. అదే దూరానికి మూడు గంటల పది నిమిషాలకు బదులు అయిదు గంటలు ఎందుకు? ఏటీఆర్ నెమ్మది వల్ల పోయేది ఇరవై నిమిషాలే. మిగిలినదంతా ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి, వరుసలో నిలబడడానికి పోతుంది. ప్రతి విమానానికీ ఈ ఖర్చు నలభై నిమిషాలు. అది నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లినా నలభై నిమిషాలే, రెండు వేల కిలోమీటర్లు వెళ్లినా నలభై నిమిషాలే. అందుకే దూరప్రయాణంలో కిలోమీటర్లను కాదు, ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నారో లెక్కపెట్టమని నేను అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

అయిదు గంటల విమానాలకు రెండు చోట్ల నిరీక్షణ కలిపితే మీరు చూసిన తొమ్మిదిన్నర తేలుతుంది. దానికి ముందు చిత్తూరు నుంచి రేణిగుంటకు ఎనభై కిలోమీటర్లు, పెద్దవాళ్లతో గంటా నలభై అయిదు నిమిషాలు వేసుకోండి. విమానానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. జమ్మూలో సామాను తీసుకుని బయటికి రావడానికి అరగంట. అక్కడి నుంచి వైష్ణోదేవి కొండ కింది ఊరు కట్రాకు యాభై కిలోమీటర్లు, గంటన్నర. మొత్తం పదిహేను గంటలు దాటుతుంది. మీ అమ్మానాన్నలు తట్టుకోవలసింది ఈ పదిహేను గంటలను, ఆ మూడు గంటలను కాదు.

గాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్లేది డిసెంబర్‌లో. శీతాకాలంలో ఉత్తర భారతం మీద పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి ఒక గాలినది పారుతుంటుంది. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. కొన్ని రోజులు దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఢిల్లీ–గువాహటి వంటి తూర్పు పడమర దారులలో ఆ గాలి వల్ల వెళ్లేటప్పటికి, వచ్చేటప్పటికి అరగంట దాకా తేడా వస్తుంది. మీది ఉత్తరపు దారి కాబట్టి గాలి ప్రక్క నుంచి కొడుతుంది. విమానం ముక్కు కొద్దిగా పడమటికి తిప్పుకుని, పీత నడకలా, తన దారి తప్పకుండా వెళ్తుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి నేరుగా ప్రక్క నుంచి తగిలితే 830లో తగ్గేది పద్నాలుగు కిలోమీటర్లే. ఢిల్లీ నుంచి జమ్మూకు దారి వాయవ్యంగా వాలుతుంది కనుక కొంత ఎదురుగాలి అవుతుంది. అక్కడ వెళ్లేటప్పుడు అయిదు నిమిషాలు ఎక్కువ పట్టి, వచ్చేటప్పుడు అంత తక్కువ పట్టవచ్చు.

వానాకాలంలో మన దక్షిణాది మీద దీనికి పూర్తిగా వ్యతిరేకంగా తూర్పు నుంచి వీచే జెట్ గాలి ఉంటుంది. మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం దాన్ని 1958లో శాస్త్రలోకానికి వివరించారు. మన నైరుతి రుతుపవనాల స్వభావం తెలుసుకోవడానికి ఆయన పరిశోధన ఎంతో తోడ్పడింది. పనిలో ఉన్నన్నాళ్లూ జూన్ నెలలో పైగాలుల పటం చూసిన ప్రతిసారీ ఆయన పేరు గౌరవంగా తలుచుకునేవాణ్ణి. అది పద్నాలుగు కిలోమీటర్ల పైన బలంగా ఉంటుంది. మీ ఏటీఆర్ ఎగిరేది అందులో సగం ఎత్తున కూడా కాదు, పైగా మీరు వెళ్లేది వానాకాలంలో కాదు కాబట్టి దాని ప్రభావం మీకు తెలియదు.

డిసెంబర్‌లో అసలు భయపడవలసింది గాలికి కాదు, పొగమంచుకు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా ఢిల్లీలో తెల్లవారుజామున, ఉదయం పూట దట్టమైన మంచు కమ్ముతుంది. జమ్మూలోనూ అంతే. ఢిల్లీలో మంచులో దిగడానికి తగిన పరికరాలు ఉన్నాయి, అయినా విమానాల మధ్య ఎడం పెంచుతారు కాబట్టి ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. జమ్మూ వాయుసేన స్థావరంలోని విమానాశ్రయం, సరిహద్దుకు అతి దగ్గర. అక్కడ కనుచూపు సరిగా లేకపోతే విమానాన్ని అమృత్‌సర్‌కో, వెనక్కి ఢిల్లీకో మళ్లిస్తారు. 2025 మేలో సరిహద్దులో పరిస్థితి ఉద్రిక్తమైనప్పుడు జమ్మూతో సహా ఉత్తర, పడమటి భారతంలోని 32 విమానాశ్రయాలను కొన్ని రోజులు మూసివేశారు. అటువంటిది మనం ముందుగా ఊహించలేం. పొగమంచును మాత్రం ఊహించవచ్చు, దానికి తగ్గట్టు వేళలు ఎంచుకోవచ్చు. ఢిల్లీ నుంచి జమ్మూకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల మధ్య బయలుదేరే విమానం చూడండి. ఉదయం ఏడింటి విమానం చవకగా దొరికినా తీసుకోవద్దు.

ఇంకొక మాట, దీన్ని మాత్రం దయచేసి మరచిపోవద్దు. మూడు విమానాలైనా, రెండైనా, అన్నీ ఒకే టికెట్టులో, ఒకే పీఎన్ఆర్ నంబరు కింద ఉండాలి. విడివిడిగా కొంటే వెయ్యి, రెండు వేలు తగ్గవచ్చు. కొన్నేళ్ల క్రితం ఒక జనవరిలో మా అన్నయ్యను ఇదే యాత్రకు తీసుకెళ్లాను. ఢిల్లీ దాకా ఒక సంస్థ టికెట్టు, అక్కడి నుంచి ఇంకొక సంస్థ టికెట్టు. మొదటి విమానం పొగమంచు వల్ల మూడు గంటలు ఆలస్యమైంది. మేము దిగేసరికి రెండోది వెళ్లిపోయింది. రెండో సంస్థ దృష్టిలో మేము సమయానికి రాని ప్రయాణికులం, అంతే. టికెట్టు డబ్బు మొత్తం పోయింది. మర్నాటి దాకా విమానం లేదు. రాత్రంతా కుర్చీల్లోనే గడిపాం. అన్నయ్యకు చక్కెర వ్యాధి. ఆయన ఇన్సులిన్ పెద్ద పెట్టెలో ఉంది, ఆ పెట్టె ఇంకా మా చేతికి రాలేదు. అది వచ్చేదాకా ఆ నాలుగు గంటలు నేను పడిన ఆందోళన ఇప్పటికీ గుర్తుంది. ఒకే టికెట్టు ఉంటే తరువాతి విమానంలో చోటు కల్పించవలసిన బాధ్యత సంస్థదే. ఆలస్యం ఆరు గంటలు దాటేటట్టు ఉంటే వేరే విమానం గాని, పూర్తి డబ్బు గాని అడిగే హక్కు కూడా మీకుంది. పౌర విమానయాన సంచాలక కార్యాలయం నిబంధనలలోనే ఆ మాట ఉంది. మందులు మాత్రం ఏ టికెట్టు అయినా చేతిసంచిలోనే ఉండాలి, కనీసం రెండు రోజులకు సరిపడా.

రేణిగుంటలో సామాను ఇచ్చేటప్పుడు పెట్టెకు కట్టే చీటీ చూడండి. ఆంగ్లంలో మూడక్షరాల సంకేతం ఉంటుంది. జమ్మూకు అది ఐ, ఎక్స్, జే. ఆ అక్షరాలు ఉంటేనే పెట్టె జమ్మూ దాకా వెళ్తుంది. ఢిల్లీ సంకేతం కనిపిస్తే అక్కడ మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. ఢిల్లీలో మూడు టెర్మినళ్లు ఉన్నాయి. రెండు, మూడు పక్కపక్కనే ఉంటాయి గాని మొదటిది వాటికి దూరం, బస్సులోనో కారులోనో వెళ్లాలి. ఒక టెర్మినల్‌లో దిగి మరొకదానిలో ఎక్కవలసి వస్తే మూడు గంటల విరామం లేనిదే ఆ టికెట్టు కొనవద్దు. ఒకే టెర్మినల్ అయితే రెండున్నర చాలు. పెద్దవాళ్లిద్దరికీ చక్రాల కుర్చీ టికెట్టు కొనేటప్పుడే అడగండి. మీ నాన్నగారు నడవగలను అంటారు, నాకు తెలుసు. నడవగలిగినా అడగండి. ఢిల్లీలో ఒక గేటు నుంచి ఇంకొక గేటుకు కిలోమీటరు దాకా నడక ఉంటుంది, ఆ ఓపిక కొండ ఎక్కడానికి మిగలాలి.

ఇక మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను. మొట్టమొదట మీ తేదీలకు తిరుపతి నుంచి ఢిల్లీకి నేరుగా విమానం ఉందేమో చూస్తాను. దూరం 1,680 కిలోమీటర్లు, ఉంటే అంతకు మించింది లేదు. విమానాల శీతాకాలపు వేళలు అక్టోబర్ చివరి ఆదివారం నుంచి, వేసవి వేళలు మార్చి చివరి ఆదివారం నుంచి మారతాయి. ఇప్పుడు కనిపించనిది అప్పుడు కనిపించవచ్చు. అది లేకపోతే, తిరుపతివాణ్ణి అయి ఉండి కూడా, మీకు చెన్నై విమానాశ్రయాన్నే సూచిస్తాను. చిత్తూరు నుంచి చెన్నైకి రోడ్డు మీద నూట యాభై కిలోమీటర్ల పైన, మూడున్నర గంటలు. అక్కడి నుంచి ఢిల్లీకి 1,760 కిలోమీటర్లు, రెండు గంటల యాభై నిమిషాలు. ఢిల్లీలో ఒక్కసారే మారడం. మొత్తం మీద ఆదా అయ్యేది గంటే కావచ్చు. కానీ ఒక ఎక్కడం, ఒక దిగడం, ఒక భద్రతా వరుస, విమానం తప్పిపోతుందేమోనన్న ఒక భయం తగ్గుతాయి. కారులో వెనక సీటులో కాళ్లు చాపుకుని మూడు గంటలు కూర్చోవడం, విమానాశ్రయంలో ఇనుప కుర్చీలో రెండు గంటలు కూర్చోవడం ఒకటి కాదు. బెంగళూరు కూడా మీకు అందుబాటే. రోడ్డు దూరం నూట ఎనభై దాకా ఉంటుంది, విమానాశ్రయం మాత్రం ఊరి బయట మీరు వెళ్లే వైపే ఉండడం వల్ల నగరం రద్దీ తగలదు. తెల్లవారుజామున బయలుదేరేటట్టయితే అదీ మంచిదే.

రైలు సంగతి కూడా మనసులో ఉండే ఉంటుంది. తిరుపతి నుంచి జమ్మూతవికి హంసఫర్ ఎక్స్‌ప్రెస్ వారానికి ఒకసారి ఉంది. రెండు రాత్రుళ్ల పైన పడుతుంది. పడుకుని వెళ్లవచ్చు గాని, డిసెంబర్ మంచులో ఉత్తరాది రైళ్ల ఆలస్యం తెలిసినవాణ్ణి కనుక ఈ వయసువాళ్లకు ఆ నెలలో వద్దంటాను. ఫిబ్రవరి చివర్లో అయితే అభ్యంతరం లేదు.

నిజానికి యాత్రనే మార్చి మొదటి వారానికి జరపగలిగితే ఇంకా మంచిది. మంచు తొలగుతుంది, చలి తగ్గుతుంది. అమ్మవారి గుడి ఉన్న భవనం 5,200 అడుగుల ఎత్తున ఉంది, డిసెంబర్ చలికి చిత్తూరు ఒళ్లు అలవాటు పడేలోపు తిరిగి వచ్చే రోజు వస్తుంది. కట్రా నుంచి భవనానికి పన్నెండు కిలోమీటర్ల పైన నడక. ఆ దారిలోని సాంఝీఛత్ దాకా హెలికాప్టర్ ఉంది. దాని టికెట్టు దేవస్థానం బోర్డు వారి వెబ్‌సైటులోనే కొనండి, మధ్యవర్తుల మాట వినవద్దు. కట్రా చేరిన రోజే కొండ ఎక్కవద్దు. ఆ రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు యాత్ర కార్డు తీసుకుని నెమ్మదిగా బయలుదేరండి.

తిరుమల లడ్డూ తీసుకెళ్తే చేతిసంచిలో పెట్టుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. ఎండు కొబ్బరి మాత్రం వద్దు, నూనె వల్ల మంట అంటుకోవచ్చని సామానులో అనుమతించరు. జమ్మూ నుంచి కట్రా వెళ్లే దారిలో మజీన్ అనే చోట తిరుమల తిరుపతి దేవస్థానం కట్టించిన వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, 2023 జూన్ 8న కుంభాభిషేకం జరిగింది. మీ మధ్యాహ్నపు విమానం వేళకు దిగితే సాయంత్రం దర్శనానికి అందుతుంది. డ్రైవరుకు ముందే చెప్పి అక్కడ ఆపించండి. రెండు వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మీ అమ్మగారికి అక్కడ మన ఏడుకొండల స్వామి కనిపిస్తే, ఆ రోజంతా పడిన అలసట ఆమెకు గుర్తుండదు.